స్నేహమే ఎరుక

(బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య స్మృతిలో హైదరాబాద్ మధురానగర్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం)



అజరయ్య గారి మీద మాట్లాడమన్నారు. పుట్టుక నుంచి మరణం దాకా ఆయన జీవిత చరిత్ర చెప్పడం నా ఉద్దేశం కాదు. ముప్పై అయిదేళ్ల వయసులో, పరాయి దేశంలో, తనకంటే ఎంతో పెద్దల ముందు నిలబడి ఆయన ఒక కోరిక కోరారు. నూట పదేళ్లు దాటినా ఆ కోరిక ఇంకా పూర్తిగా తీరలేదు. దాని గురించే మాట్లాడతాను. అది మన గుడికి, మన వీధికి, మనం దేవుణ్ణి ఎరిగిన తీరుకు సంబంధించింది.

ముందు యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం దగ్గర మొదలుపెడదాం. దేవుడు ప్రేమ అని చెప్పే భాగం అది. క్రిస్మస్‌కు అచ్చువేసే క్యాలెండర్ల మీద, పెళ్లి పత్రికల మీద, ఆటోల వెనక అద్దాల మీద ఆ మాట చూస్తూనే ఉంటాం. దాని పక్కనే యోహాను చెప్పిన సంగతి మాత్రం క్యాలెండర్లకు ఎక్కదు. ప్రేమించేవాడికి దేవుడు తెలుసు, ప్రేమించనివాడికి తెలియదు అని తేల్చేస్తాడాయన. ఎన్నిసార్లు బైబిలు పూర్తిగా చదివావని అడగడు. ఎన్ని ఉపవాస కూడికలకు వెళ్లావని అడగడు. ఆ అధ్యాయం చివర ఇంకా గట్టిగా మాట్లాడతాడు. కళ్లెదుట ఉన్న సహోదరుణ్ణి ప్రేమించలేని మనిషి, కంటికి కనబడని దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటే అది అబద్ధమంటాడు.

ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే మన కొలతలన్నీ తారుమారవుతాయి. వేదాంత కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాడికి దేవుడు తెలియకపోవచ్చు. అక్షరం ముక్క రాకపోయినా పక్కింటి రోగికి గంజి కాచి ఇచ్చే అమ్మకు తెలిసి ఉండవచ్చు. ఆరో శతాబ్దపు పోపు గ్రెగరీ, ప్రేమే ఒక తెలివిడి అన్నారు. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండులో పేరు చెప్పుకోని ఒక సాధకుడు, ఆలోచనకు అందని దేవుడు ప్రేమకు అందుతాడని ఒక గ్రంథమే రాశాడు. మన నేలకూ ఇది పరాయి సంగతి కాదు. భక్తితో తప్ప భగవంతుడు దొరకడన్న నమ్మకం తెలుగువాళ్లకు తరతరాలుగా ఉంది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తును రాగ తాళాలతో పాడింది ఆ గాలి పీల్చే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే నేటికీ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. పాడే గొంతు కరిగితేనే మనసుకు ఎరుక కలుగుతుందని ఆ పెద్దలకు తెలుసు.

అయితే ప్రేమ అంటే ఏమిటి? పాట పాడుతున్నప్పుడు కళ్లు చెమర్చడమా? పేదవాడికి దుప్పటి ఇవ్వడమా? ఇక్కడే అజరయ్య గారు మనకు అవసరమవుతారు.

1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది దాకా ప్రతినిధులు వచ్చారు. వాళ్లలో ఆసియా ఖండం వాళ్లు ఇరవై మందికి మించి లేరు. ఆ కొద్దిమందిలో ఒకరు అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టిన తమిళుడు, ఊరి పాస్టరు గారి కొడుకు. వై.ఎం.సి.ఎ.లో పనిచేశారు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టుకలో ముందు నిలిచారు. విదేశీ డబ్బు లేకుండా భారతీయులే భారతీయులకు సువార్త చెప్పాలన్నది ఆ సొసైటీ పట్టుదల. ఆ పని మీదే 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. ఏడాది తిరక్కుండా ఎడిన్‌బరో పిలుపు వచ్చింది.

విదేశీ మిషనరీలకూ స్థానిక సేవకులకూ మధ్య సంబంధం ఎలా ఉండాలన్నది ఆయనకిచ్చిన అంశం. సభలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ మిషనరీలను పంపినవాళ్లే. మెచ్చుకోలు మాటలు నాలుగు చెప్పి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆయన ఆ పని చెయ్యలేదు. మిషనరీకీ భారతీయ సేవకుడికీ మధ్య ఉన్నది యజమాని, జీతగాడి సంబంధమని చెప్పారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఒకరి ఇంటికి ఒకరు వెళ్లరని, ఒకే బల్ల దగ్గర అన్నం తినరని చెప్పారు. మిషనరీల త్యాగాన్ని ఆయన చిన్నబుచ్చలేదు. ఆస్తులు ధారపోశారని, ప్రాణాలకు కూడా వెనకాడలేదని ఒప్పుకున్నారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని పదమూడో అధ్యాయాన్ని గుర్తు చేసేలా, ఆ త్యాగాలన్నిటి మీదా ఇంకొకటి కావాలన్నారు. ప్రేమ కావాలన్నారు. మాకు స్నేహితులను ఇవ్వమని అడిగారు.

సభలో కలకలం రేగింది. కొందరు నొచ్చుకున్నారు. ఇంత మేలు చేసినవాళ్లకు ఇదా బహుమానం అనుకున్నవాళ్లున్నారు. నా దృష్టిలో ఆధునిక క్రైస్తవ చరిత్రలో ఒక భారతీయుడు చెప్పిన అతి ముఖ్యమైన మాట అదే. ఎందుకంటే ఆయన దయకూ ప్రేమకూ తేడా చూపించారు. దయ చూపేవాడు పైన ఉండి చెయ్యి కిందికి చాస్తాడు. పుచ్చుకునేవాడి పేరు తెలుసుకోవలసిన అవసరం కూడా అతనికి రాదు. స్నేహం అలా కుదరదు. ఇద్దరూ ఒకే ఎత్తున కూర్చుంటే తప్ప స్నేహం మొదలు కాదు.

దీనికి వాక్యంలో ఆధారం ఉంది. శిష్యుల పాదాలు కడిగిన రాత్రే యేసు ప్రభువు వాళ్లతో, ఇకమీదట మిమ్మల్ని దాసులని పిలవను, స్నేహితులని పిలుస్తాను అని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. యజమాని ఏం చేస్తున్నాడో దాసుడికి తెలియదు. స్నేహితులకు మాత్రం, తండ్రి దగ్గర విన్నదంతా ఆయన తెలియజేశాడు. యోహాను సువార్త పదిహేనో అధ్యాయం ఇంటికి వెళ్లి మరోసారి చదవండి. దాసుడికీ స్నేహితుడికీ అక్కడ ప్రభువు చూపిన తేడా జీతంలో లేదు, హోదాలో లేదు. ఒకడికి తెలుసు, ఒకడికి తెలియదు. దేవుడు తనను తాను తెలియజేసుకోవడానికి ఎంచుకున్న దారి స్నేహం. అందుకే స్నేహితులను ఇవ్వమని అజరయ్య గారు అడిగినప్పుడు మర్యాద కోసం అడిగారని నేననుకోను. మీరు మాతో స్నేహంగా లేకపోతే మీరు చెప్పే దేవుడు మీకే తెలియడు అన్నంత మాట అందులో ఉంది.

అడిగి ఊరుకోలేదాయన. 1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయనే. ఆ తర్వాత ముప్పై రెండేళ్లు డోర్నకల్ పల్లెల్లో ఎడ్లబండ్ల మీద తిరిగారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకున్నారు. తను ఏ దూరాన్ని ఎత్తిచూపారో, ఆ దూరమే తనకూ తన జనానికీ మధ్య రాకూడదని ఆరాటపడ్డారు. ఆయన దగ్గరకు వచ్చినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ వాడల వాళ్లు, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని జనం. వాళ్లకు వాక్యంతో పాటు మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు పీడల మీద పోరాటం నేర్పారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ సువార్త చెప్పవలసినవాడే అన్నారు. పుచ్చుకునే చేతులనే ఇచ్చే చేతులుగా మార్చారు. అన్నం వండే ముందు ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి గుడి కోసం పక్కన పెట్టడం, కోతల పండుగకు తొలి పంట తెచ్చి బలిపీఠం ముందు పొయ్యడం ఆ సంఘాల్లో పాతుకున్న అలవాట్లు. పిడికెడు బియ్యం ఇవ్వగలిగిన మనిషి ఇక ఎవరి దయ మీదా బతికే మనిషి కాదు.

ఫలితం ఎవరూ ఊహించని చోట కనిపించింది. 1930ల నాటికి ఆ అధ్యక్ష మండలంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. వాళ్లలో ఊళ్లోని శూద్ర కులాల వాళ్లూ వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్లను కదిలించింది పట్నపు వక్త ప్రసంగం కాదు. నిన్నటిదాకా గడప దగ్గరికి రానివ్వని వాడవాళ్లు మారడం కళ్లారా చూశారు. ఆ బతుకుల్లో దేవుణ్ణి గుర్తుపట్టారు.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలను, గుడి మండపపు స్తంభాలను గుర్తుచేసే కట్టడం అది. రైలు దిగి అరగంట ఆగగలిగితే తప్పకుండా చూడండి. ఈ నేల మీది పొరుగువాళ్లందరి చేతిపని ఆ గోడల్లో కలిసింది. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ ఐక్యత ఫలంగా దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. ఆ రోజు చూడటానికి ఆయన లేరు.

దయకూ ప్రేమకూ ఉన్న తేడా చూపే, అంతకంటే పాత ఒంగోలు సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలుగా పనిచేశారు. పని ఆగినప్పుడు జనం పక్కన కూర్చుని, అలసినవాళ్లను తన దగ్గరికి రమ్మన్న ప్రభువు మాట చెప్పేవాళ్లు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న అనుమానం వాళ్ల మీదా పడకూడదు, సంఘం మీదా పడకూడదని, కరువు సాయం జరుగుతున్నంత కాలం ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయింది, జనం మాత్రం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంకె పెద్దదే. నాకు మాత్రం అంతకు ముందు నెలల తరబడి ఎవరికీ ఇవ్వకుండా ఆగిన ఆ నిగ్రహమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. ఏదీ తిరిగి ఆశించకుండా పక్కన కూర్చోవడమంటే అదే. తిరిగి ఏం వస్తుందని లెక్కవేసే సేవను జనం ఇట్టే పసిగడతారు. మన క్రిస్మస్ దుప్పట్ల పంపిణీలో ఫోటోగ్రాఫరు ఎక్కడ నిలబడతాడో ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. మధురానగర్ మెట్రో స్టేషన్ దిగితే ఒక పక్క అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల హాస్టళ్లు, ఇంకో పక్క యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. ఆపైన జూబిలీహిల్స్ గుట్టల మీద స్టూడియోలు, బంగళాలు. సినిమా మద్రాసు వదిలి ఇక్కడికి వచ్చాక ఆ గుట్టల కింద ఒక పెద్ద కార్మిక లోకం తయారైంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ సహాయకులు, డ్రైవర్లు, వంట బండి మనుషులు తెల్లవారకముందే కృష్ణానగర్ రోడ్డు మీద ప్రొడక్షన్ బండ్ల కోసం నిలబడతారు. తెర మీద పెళ్లి జరిగితే వెనక బంతిలో కూర్చునేది వాళ్లే. వాళ్ల ముఖాలు మనం వందసార్లు చూసి ఉంటాం, పేర్లు తెలియవు.

తెలుగు సినిమా లోకానికి క్రీస్తు కథ తెలియనిది కాదు. 1978లో విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ వచ్చింది. మోదుకూరి జాన్సన్ వంటి కవి దానికి పాట రాశారు. ఊరూరా జనం చూసి ఏడ్చారు. మతం ఏదైనా ఆ కన్నీళ్లు నిజమైనవి. వాటిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. సిలువ మోసేవాణ్ణి తెర మీద చూసి కరిగిన మనసు, హాలు బయట మూట మోస్తున్న మనిషిని కూడా చూడగలిగితే యోహాను చెప్పిన ఎరుక మొదలైనట్టే.

2020లో కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయాయి. సినీ పెద్దలు కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి కార్మికులకు సరుకులు పంచారు. అనేక చర్చిలు కూడా బియ్యం, పప్పు, నూనె సంచులు కట్టి ఇచ్చాయి. మంచి పని. ఆ సంచి పుచ్చుకున్నవాళ్లలో ఎంతమంది పేర్లు మనకు ఈ రోజు తెలుసు? షూటింగులు మళ్లీ మొదలయ్యాక వాళ్లలో ఎవరికి పని దొరికిందో, ఎవరు ఊరికి తిరిగి వెళ్లిపోయారో, ఎవరి పాప చదువు ఆగిందో కనుక్కున్నామా? సంచి ఇవ్వడం గంట పని. స్నేహం ఏళ్ల పని. గుడి ఉన్నది ఆ రెండో పని కోసం.

గుడి జీవితంలో ఈ ఎరుక ఎక్కడ కలుగుతుందని అడిగితే, నా జవాబు ప్రభురాత్రి భోజనపు బల్ల. కథోలిక సోదరులు దివ్య బలిపూజ అంటారు. పేరేదైనా అక్కడ రొట్టె ఒక్కటే, పాత్ర ఒక్కటే. ఫ్లాటు యజమాని, ఆ ఫ్లాటులో అంట్లు తోమే అమ్మాయి పక్కపక్కన మోకరిస్తారు. ఈ ఊళ్లో వాళ్లిద్దరూ ఒకే ఎత్తున ఉండే చోటు ఇంకొకటి ఉందా అని ఆలోచించండి. ఆ మోకరింపు నిజమైతే ఇంటికి వెళ్లాక ఆ అమ్మాయి గ్లాసు వేరేగా ఉండకూడదు. వేరేగా ఉంటే, బల్ల దగ్గర పుచ్చుకున్నదేమిటో మనకు తెలియనట్టే. పౌలు కొరింథు సంఘాన్ని మందలించింది సరిగ్గా ఇందుకే. ఉన్నవాళ్లు ముందుగా కడుపునిండా తిని, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టారని ఆయన మండిపడ్డాడు.

కులం సంగతి కూడా మాట్లాడుకోవాలి. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు అనే మాటలు మన మధ్య వినబడుతూనే ఉన్నాయి. క్రైస్తవ వివాహ ప్రకటనల్లో రక్షణ అనుభవం పక్కనే కులం అచ్చవుతోంది. కవి జాషువా గారి బాల్యం తెలుసు కదా. ఊరు ఆయన్ని అంటరానివాడంది. పురాణాలు చదివి పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు కూడా దూరం పెట్టారు. ‘గబ్బిలం’ రాసిన ఆ మహాకవే ‘క్రీస్తు చరిత్ర’ రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్రీస్తును పద్యంలో నిలిపినవాణ్ణి క్రీస్తు సంఘం గుర్తుపట్టలేకపోయింది. కథోలిక సంఘంలో ఒక దళితుడు, ఒక తెలుగువాడు మొదటిసారి కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు 27 దాకా ఆగవలసి వచ్చింది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారికి ఆ గౌరవం దక్కినప్పుడు అన్ని శాఖల క్రైస్తవులూ సంతోషించారు. ఆ సంతోషం మన ఇళ్లలో సంబంధాలు కుదుర్చుకునే వేళ కూడా నిలవాలి.

ప్రేమ చాలంటే సిద్ధాంతం అక్కర్లేదా అని మీలో కొందరు అడుగుతారు. అక్కర్లేదని నేను అనను. క్రీస్తు ఎవరో తెలియకపోతే ఆయన ప్రేమ ఎలాంటిదో కూడా తెలియదు. శరీరధారియై వచ్చి, సిలువ మీద ప్రాణం పెట్టిన ప్రేమ గురించే యోహాను రాశాడు. సిద్ధాంతం ఆ ప్రేమను చెదరకుండా కాపాడుతుంది. కానీ ప్రేమ లేని చోట సిద్ధాంతానికి కాపాడేందుకు ఏమీ మిగలదు. మరి సువార్త విననివాళ్లు, మన మధ్య ఈ సాయంత్రం కూర్చున్న ఇతర మతాల మిత్రులు? యోహాను ప్రేమించే ప్రతి మనిషినీ లెక్కలోకి తీసుకున్నాడు. ఆ లెక్కను కుదించే అధికారం ఏ సంఘానికీ లేదని నా దృఢ విశ్వాసం.

ఈ సంఘాన్ని ఒక్క పని చెయ్యమని అడుగుతున్నాను. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుని హడావిడిగా వెళ్లిపోకండి. మీకు పేరు తెలియని ఒకరి పక్కన కూర్చోండి. హాస్టల్లో ఉంటున్న అమ్మాయి కావచ్చు, ఆదివారం షూటింగు లేక వచ్చిన లైట్‌మెన్ కావచ్చు, వెనక బెంచీలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునే తల్లి కావచ్చు. పేరు అడగండి, ఊరు అడగండి. వచ్చే వారం మీ ఇంటికి భోజనానికి పిలవండి. మీ కంచంలాంటి కంచంలోనే వడ్డించండి. ఆ తర్వాత వాళ్లు పిలిస్తే కృష్ణానగర్‌లో వాళ్ల ఒంటి గదికి మీరూ వెళ్లండి, వాళ్లు పెట్టింది తినండి. పాస్టరు గారూ, సంఘ పెద్దలారా, ఈ ఏడాది స్త్రీల మైత్రి, యవ్వనుల సంఘం కార్యక్రమాల్లో దీనికి చోటివ్వమని మిమ్మల్ని చేతులు జోడించి వేడుకుంటున్నాను.